మంచు తోసే బండి

మన పత్రికకు ఏదైనా రాసి పంపమని మిత్రులు అడిగినప్పుడల్లా "లారీల గురించి తప్ప నాకేం తెలుసండీ, ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో లారీల గొడవ ఎవరికి కావాలి?" అని తప్పించుకుంటూ వచ్చాను. ఇన్నాళ్ళకు ఇంటిల్లిపాదికీ పనికొచ్చే బండి సంగతి ఒకటి దొరికింది. అందుకే కలం పట్టాను.

మాది నామక్కల్. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, షెడ్డులో రెండూ కలిసిన భాష. తండ్రిని 'నైనా' అని పిలిచే ఇళ్ళు మావి. నామక్కల్ అంటే లారీలకు బాడీలు కట్టే ఊరని మన తమిళనాడు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఎక్కడెక్కడి నుంచో ఉత్త చాసిస్‌లు వస్తాయి, చెక్కా ఇనుమూ తొడుక్కుని, రంగులు పూసుకుని, దిష్టిబొమ్మ కట్టుకుని రోడ్డెక్కుతాయి. ఆ షెడ్లలో నలభై ఏళ్ళు గడిపాను. ఏ బండి ఎంత మోస్తుంది, ఎక్కడ విరుగుతుంది అన్నదే నా చదువు.

మా అబ్బాయి అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో, బఫలో నగరానికి దక్షిణంగా ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాడు. న్యూయార్క్ అనగానే మనకు గుర్తొచ్చే ఆ మహానగరం అక్కడికి దాదాపు 600 కిలోమీటర్ల దూరం. నయాగరా జలపాతం మాత్రం గంటలోపు ప్రయాణం. 2023 అక్టోబరులో వెళ్ళి 2024 ఏప్రిల్‌లో తిరిగొచ్చాను. ఆ ఆరు నెలల్లో నేను చేసిన ముఖ్యమైన పని, మా అబ్బాయికి మంచు తోసే బండి ఒకటి ఎంచిపెట్టడం.

అక్కడి మంచు

మంచు అంటే మనకు మార్గశిరంలో తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేది. మహా అయితే ఊటీలో ఒకటి రెండు రోజులు తెల్లగా పేరుకునేది. బఫలో మంచు అటువంటిది కాదు. ఆ ఊరు ఈరీ అనే పెద్ద సరస్సు కొసన ఉంది. శీతాకాలం మొదట్లో సరస్సు నీళ్ళు ఇంకా కాస్త వెచ్చగానే ఉంటాయి. గడ్డకట్టే చలిగాలి పడమటి నుంచి సరస్సు పొడుగునా వీస్తూ ఆ వెచ్చదనాన్నీ తడినీ పీల్చుకుని, గట్టు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. అది పట్టీలాగా సన్నగా పడుతుంది. ఒక ఊరు నిలువెత్తు మంచులో కూరుకుపోతే, పది మైళ్ళ అవతల ఎండ కాస్తూ ఉంటుంది. సరస్సు గడ్డకట్టిపోతే ఆ ఉధృతం తగ్గుతుంది.

2022 నవంబరులో ఆర్చర్డ్ పార్క్ అనే ఊళ్ళో మూడు నాలుగు రోజుల్లో దాదాపు 80 అంగుళాల మంచు పడింది. అంటే ఆరున్నర అడుగులు! అది చాలనట్టు అదే సంవత్సరం డిసెంబరు 23న పెద్ద మంచు తుపాను వచ్చింది. బఫలో, దాని చుట్టుపక్కల ఊళ్ళలో 40 మందికి పైగా చనిపోయారు. అంబులెన్సులూ ఫైరింజన్లూ దారిలోనే కూరుకుపోయాయి. కొందరు కార్లలో చిక్కుకుని పోయారు. కొందరు సాయం అందక ఇళ్ళలోనే పోయారు. కొందరు పారతో మంచు ఎత్తుతూ గుండె ఆగి పోయారు.

మా అబ్బాయి పక్కింట్లో డెబ్భై దాటిన దంపతులు ఉంటారు. పెద్దాయనకు మూత్రపిండాలు పనిచేయవు. మంగళ, గురు, శనివారాల్లో డయాలిసిస్‌కు వెళ్ళాలి. ఒకటి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది. అది గుండెకు ప్రమాదం. మా కోడలు నర్సు, కాబట్టి ఆమెకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ డిసెంబరు తుపానులో ఆయనకు ఒక దఫా తప్పిపోయింది. ఫోనులోనే ఆయన భార్యకు జాగ్రత్తలు చెప్పింది: "నీళ్ళు కొలిచి ఇవ్వండి, అరటిపండూ నారింజా టమాటా దగ్గరికి రానివ్వకండి" అని. తుపాను కాస్త తెరిపి ఇచ్చాక మా అబ్బాయీ ఇరుగుపొరుగూ కలిసి పారలతో ఆయన గుమ్మం నుంచి రోడ్డు దాకా దారి చేశారు. నలుగురు మనుషులకు సగం రోజు పట్టింది. దేవుడి దయవల్ల ఆయన గండం గడిచి బయటపడ్డాడు.

అక్కడ ఇంటి ముందు వీధి నుంచి కారు షెడ్డు దాకా ఉండే దారిని డ్రైవ్‌వే అంటారు. వీధుల్లో మంచు ఊరి పాలక సంస్థ తీస్తుంది. డ్రైవ్‌వేలో మంచు మాత్రం ఇంటివాడే తీసుకోవాలి. చాలామంది శీతాకాలానికి ముందే ఒక కాంట్రాక్టరుతో మాట్లాడుకుని సీజనంతటికీ కలిపి డబ్బు కట్టేస్తారు. మంచు పడగానే అతను బండితో వచ్చి తోసి పోతాడు. ఆ వీధివాళ్ళు మాట్లాడుకున్న మనిషి ఆ డిసెంబరులో రాలేదు. బండి గేరుపెట్టె పోయిందని తరువాత తెలిసిందట. ఉన్నది ఒక్క బండి, ఒప్పుకున్నవి పదుల కొద్దీ గుమ్మాలు. నామక్కల్లో ఇటువంటి వాళ్ళను చాలామందిని చూశాను. పది టన్నుల బండికి పదహారు టన్నులు ఎత్తేవాళ్ళు. వాళ్ళ బుద్ధి చెడ్డది కాదు, లెక్కే సరిగా ఉండదు.

ముందు అడగవలసిన ప్రశ్న

నేను దిగిన వారానికే మా అబ్బాయి అడిగాడు: "నైనా, ఒక పాత బండి కొని ప్లౌ తగిలిద్దామనుకుంటున్నాను. ఏది తీసుకోమంటారు?"

"ఎన్ని గుమ్మాలకు?" అన్నాను.

వాడు ఆలోచనలో పడ్డాడు. మా షెడ్డుకు బాడీ కట్టించుకోవడానికి వచ్చే ప్రతి యజమానినీ మొదట అడిగే ప్రశ్న ఇదే: ఏ సరుకు, ఎంత, ఏ దారిలో? దానికి సమాధానం లేకుండా చెక్కకు కొలత తీయకూడదు. ఒక్క తమ గుమ్మానికే అయితే పెద్ద బండి దండగ. చక్రాల మీద తోసుకుంటూ పోయే స్నో బ్లోయరు చాలు. ఇరవై గుమ్మాలయితే అది వ్యాపారం, దాని పద్ధతి వేరు. చివరికి వాడూ కోడలూ కూర్చుని లెక్కవేసి ఐదు అన్నారు. తమది, పక్కింటి పెద్దాయనది, అదే సందులో ఒంటరిగా ఉంటున్న ఇద్దరు ముసలమ్మలవి, చంటిపిల్లతో ఉన్న ఒక జంటది. అయిదూ ఒకే సందులో, పక్కపక్కన. నాకు ఆ లెక్క నచ్చింది.

బండి బలం ఎక్కడుంది?

అక్కడ మన టెంపోల్లాంటి వాటిని పికప్ ట్రక్కులంటారు. అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అని మూడు తరగతులుగా చెబుతారు. అవి పాత కాలపు పేర్లు. ఈనాటి బండ్లు అంతకంటే చాలా ఎక్కువే మోస్తాయి. ఫోర్డ్ కంపెనీలో ఎఫ్-150 అర టన్ను, ఎఫ్-250 ముప్పావు టన్ను, ఎఫ్-350 ఒక టన్ను. మిగతా కంపెనీలకూ ఇదే వరస.

బండి కొనేవాళ్ళు ఇంజన్ హార్స్‌పవర్ అడుగుతారు, వెనక ఎంత లోడు పడుతుందో అడుగుతారు. మంచు తోసే బండికి అవి రెండూ తరువాతి మాటలు. పలకను మోసేది ముందు ఇరుసు. డ్రైవరు తలుపు తీస్తే ద్వారబంధం మీద చిన్న కాగితం అంటించి ఉంటుంది. ముందు ఇరుసు ఎంత బరువు ఓర్చుకుంటుందో అందులో అచ్చువేసి ఉంటుంది. మొదట చదవవలసింది ఆ అంకె.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. మేము తీసుకోదలచిన పలక ఎనిమిది అడుగులది. దాన్ని తగిలించే ఇనుముతో కలిపి దాదాపు 800 పౌండ్లు, అంటే మన లెక్కలో 363 కిలోలు. కానీ అది ఇరుసు మీద కూర్చోదు, ఇరుసుకు ఆరడుగుల ముందు వేలాడుతుంది. ఏతంబాన మనకు తెలియనిది కాదు. కొస మీద కొద్ది బరువు పడినా రెండో కొస పైకి లేస్తుంది. ముందుకీ వెనక్కీ ఇరుసుల మధ్య దూరం పదకొండు, పన్నెండు అడుగులు అనుకుంటే, 800 పౌండ్ల పలక ముందు ఇరుసు మీద 1,200 పౌండ్లు మోపుతుంది. ఆ ఎక్కువైన 400 పౌండ్లు వెనక ఇరుసు నుంచి లేచి వచ్చినవి. అందుకే పలక ఎత్తగానే వెనక చక్రాలు తేలిపోయి జారుతాయి. ఆ జారుడు తగ్గడానికి బండి వెనక, ఇరుసుకు వెనకవైపుగా, ఇసుక మూటలు వేసి కదలకుండా కట్టాలి. కావడికి రెండువైపులా కుండలున్నట్టు.

మేము చూసిన బండ్లు మూడు. మొదటిది అర టన్నుది. అద్దంలా మెరిసిపోతోంది, మా కోడలికి బాగా నచ్చింది. తేలిక పలక తగిలించుకుని ఒక్క గుమ్మం చేసుకోవడానికి అది సరిపోతుంది. ఐదు గుమ్మాలకు చాలదు. రెండోది ఒక టన్నుది, డీజిల్, నాలుగు తలుపులది. ఆ ఇంజన్ శబ్దం వింటుంటే నామక్కల్ షెడ్డులో ఉన్నట్టే అనిపించింది. తోలి చూడటానికి ఇచ్చినప్పుడు హైవే పక్కన లారీలు తూచే కాటా మీద పెట్టించాము. ఖాళీ బండికే ముందు ఇరుసు మీద 4,800 పౌండ్లు చూపించింది. పరిమితి 5,600. డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ కంటే కొన్ని వందల పౌండ్లు బరువెక్కువ, ఆ బరువంతా ముందు చక్రాల మీదే. పలక తగిలిస్తే 6,000 అవుతుంది, పరిమితి దాటుతుంది. డీజిల్ మీద నాకెంత అభిమానమున్నా లెక్క లెక్కే.

పైగా నేను దాని కింద దూరి చిన్న సుత్తితో చాసిస్ పొడుగునా తట్టి చూశాను. మంచి ఇనుము ఖంగుమంటుంది. పొట్టు లేచిన ఇనుము బొద్దుగా పలుకుతుంది. వెనక కమానుకట్టలు తగిలించేచోట ఆ బొద్దు శబ్దమే వచ్చింది, చేతికి తుప్పు పెచ్చులు రాలాయి. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరే బండ్ల ప్రాణం తీస్తుంది. చాసిస్, బ్రేకు గొట్టాలు, ముందు చక్రాల కీళ్ళు, పలక తగిలించే చోటు, ఈ నాలుగూ చూడకుండా అక్కడ పాత బండి కొనకూడదు.

మూడోది పదకొండేళ్ళ నాటి ఎఫ్-250. పెట్రోలు ఇంజన్, రెండే తలుపులు, నాలుగు చక్రాలకూ పట్టు ఉన్నది. రంగు వెలిసింది, సీటు చిరిగింది. సుత్తికి మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఖంగుమంది. కాటా మీద ముందు ఇరుసు 3,900 పౌండ్లు. పలకకు 1,200 కలిపితే 5,100. పరిమితి 5,600. అంటే 1,770 కిలోలకు 545 కలిపి 2,315, పరిమితి 2,540. ఇంకా 225 కిలోల వెసులుబాటు మిగులుతుంది. కొత్తగా వచ్చినప్పుడే దాన్ని ప్లౌకు తగ్గట్టు గట్టి ముందు స్ప్రింగులతో, పెద్ద ఆల్టర్నేటరుతో అమర్చి అమ్మారు. పలకను ఎత్తే, తిప్పే హైడ్రాలిక్ పంపు కరెంటుతోనే నడుస్తుంది గనుక ఆల్టర్నేటరు చిన్నదయితే రాత్రి సగంలో బ్యాటరీ దిగిపోతుంది. రెండు తలుపుల బండి పొట్టిగా ఉండటం వల్ల ఇరుకు గుమ్మాల్లో సులువుగా మళ్ళుతుంది. ధర కొత్త బండిలో మూడోవంతు కూడా కాలేదు. "ఇదే" అన్నాను.

పలక సంగతి

ప్లౌ అంటే ఇంగ్లీషులో నాగలి. ఇది మాత్రం దున్నదు, తోస్తుంది. కళ్ళంలో ధాన్యాన్ని కుప్పకు చేర్చే చెక్కపలకకు పెద్దన్న అనుకోండి. ఇందులో రెండు రకాలు ముఖ్యం. ఒకటి తిన్నని పలక, కుడికీ ఎడమకీ వాలుతుంది. రెండోది మధ్యలో కీలుండే పలక. అది ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి గట్టి మంచును చీలుస్తుంది, రెక్కలు ముందుకు మడిచి దోసిలి పట్టినట్టు మంచును మోసుకుపోతుంది. ఎక్కువ పనిచేసేది రెండోదే, కానీ బరువూ ఖరీదూ కూడా ఎక్కువే. ఐదు గుమ్మాలకు తిన్నని పలక చాలనుకున్నాము.

వెడల్పు విషయంలోనూ ఒక కిటుకుంది. పలకను పక్కకు వాల్చినప్పుడు అది తుడిచే వెడల్పు తగ్గుతుంది. ఏడున్నర అడుగుల పలక 30 డిగ్రీలు వాలితే ఆరున్నర అడుగులే తుడుస్తుంది. బండి వెడల్పే సుమారు ఆరున్నర అడుగులకు పైన. తుడవని మంచును చక్రమే తొక్కేస్తుంది, తొక్కిన మంచు గడ్డకట్టి రాయవుతుంది. అందుకే ఎనిమిది అడుగులది. పలక కింది అంచున అరిగితే మార్చుకునే ఇనుప పట్టీ ఉంటుంది. రాయికో మూతకో తగిలితే వెనక్కి మడత పడి మళ్ళీ లేచే స్ప్రింగులుంటాయి. ఆ స్ప్రింగులు లేకపోతే దెబ్బంతా చాసిస్ మీదా డ్రైవరు మెడ మీదా పడుతుంది.

తోయడమంటే పేర్చడం

నేల గడ్డకట్టక ముందే, నవంబరు మొదట్లో, ఐదు గుమ్మాల అంచుల వెంట మెరిసే కాగితం చుట్టిన సన్నటి కర్రలు పాతించాను. అంతా తెల్లబడ్డాక దారేదో, పూలమడేదో, రోడ్డు పక్క నీటి హైడ్రెంటేదో తెలియదు. హైడ్రెంటును మంచుతో కప్పేస్తే ఇల్లు తగలబడినప్పుడు ఫైరింజన్ వాళ్ళకు నీళ్ళు దొరకవు. దాని చుట్టూ కూడా తీసి ఉంచాలి.

బండి నేను తోలలేదు. వాడి పక్కన కూర్చున్నాను. మొదటి రోజే ఒక మాట చెప్పాను: "తోయడం ఎవడైనా తోస్తాడు. ఎక్కడ పెడతావో ముందు చూసుకో." డిసెంబరులో తోసిన కుప్ప మార్చిదాకా అక్కడే ఉంటుంది, గడ్డకట్టి గోడవుతుంది. మొదటి మంచునాడు దగ్గర్లో పెట్టినవాడికి ఫిబ్రవరికి గుమ్మం సన్నబడి కారు పట్టదు. కాబట్టి మొదటి మంచును వీలైనంత దూరం, వెడల్పుగా తోసెయ్యాలి. లారీలో అడుగు సరుకు సరిగా పేర్చకపోతే పైసరుకు నిలవనట్టే ఇదీ. రోడ్డు మీదికి మాత్రం తొయ్యకూడదు. అది అక్కడ నేరం, వచ్చేవాడికి ప్రాణాపాయం.

ఇంకో సంగతి బరువు. అరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న గుమ్మంలో ఒక అడుగు మంచు పడితే, అది దూదిలాంటి తేలిక మంచే అయినా నాలుగు టన్నులకు దగ్గర. తడిమంచు అయితే అంతకు రెట్టింపు దాటుతుంది. మొత్తం పడ్డాక ఒకేసారి తోద్దామనుకుంటే బండి నడుం విరుగుతుంది. నాలుగు అంగుళాలకు ఒకసారి లేచి తోసెయ్యాలి. అర్ధరాత్రయినా సరే.

షెడ్డు తలుపు దగ్గర మంచును ముందుకు తోయడానికి చోటుండదు. అక్కడ పలక దించి వెనక్కి ఈడవాలి, తరువాత బండి తిప్పి బయటికి తోయాలి. ముందుకీ వెనక్కీ గేరు మార్చేటప్పుడు బండి పూర్తిగా ఆగాలి. ఒక్క రాత్రిలో వందసార్లు మారే గేరది. ఆగకుండా మారిస్తే, నిరుడు ఆ కాంట్రాక్టరుకు జరిగినట్టే గేరుపెట్టె పోతుంది. రోడ్డు మీద పోయేటప్పుడు ఎత్తిన పలక రేడియేటరుకు గాలి తగలనివ్వదు. మంచులో కూడా ఇంజన్ ఉడుకుతుంది! పలకను కాస్త దించి పక్కకు వాల్చి నెమ్మదిగా పోవాలి. వెనక్కి వచ్చేముందు ప్రతిసారీ తిరిగి చూడాలి. మంచుకుప్పలంటే పిల్లలకు ఆట. వాటిలో గూళ్ళు తవ్వుకుని దాక్కుంటారు. అందుకని ఐదిళ్ళవాళ్ళకూ మా కోడలు ఒకే నియమం పెట్టింది: బండి దీపం కనిపిస్తే పిల్లలు లోపల.

డబ్బు మాట

ముసలమ్మల్లో ఒకావిడ కవరులో డబ్బు పెట్టి తెచ్చింది. మా అబ్బాయి తీసుకోలేదు. మొహమాటం కాదు. వాడు హెచ్-1బీ వీసా మీద ఉన్నాడు, గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నాడు. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తమను పెట్టుకున్న కంపెనీ పని తప్ప డబ్బుకు మరో పని చేయకూడదు. ఇన్సూరెన్సు సంగతీ అంతే. సొంత బండికి చేసిన ఇన్సూరెన్సు కూలికి మంచు తోసేటప్పుడు సాధారణంగా వర్తించదు. వాడు ముందే ఏజెంటుతో మాట్లాడి, డబ్బు తీసుకోకుండా ఇరుగుపొరుగు గుమ్మాలు తోయడానికి ఏమేం చెల్లుతుందో కాగితం మీద రాయించుకున్నాడు. ఇది మన పిల్లలందరూ గుర్తుంచుకోవలసిన విషయం.

"ఊరికే చేస్తే నలుగురూ అలుసు చేసుకుంటారేమో" అని నాకు అనుమానం వచ్చింది. కోడలు నవ్వి, "మామయ్యా, ఊరికే అని ఎవరన్నారు?" అంది. ఒక ముసలమ్మ మా మనవరాలికి పియానో నేర్పుతోంది. పక్కింటి పెద్దావిడ, కోడలు రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు పిల్లను బడి బస్సెక్కిస్తోంది. మన పల్లెల్లో ఒకరి పొలానికి ఒకరు బదులుపని చేసుకున్నట్టే.

ఆ నాలుగు రోజులు

2024 జనవరి 13, శనివారం. రెండు రోజుల ముందునుంచే తుపాను హెచ్చరికలు. డయాలిసిస్ కేంద్రం వాళ్ళు పెద్దాయన్ను శుక్రవారమే పిలిపించి ఆ దఫా ముగించారు. తరువాతది మంగళవారం. మధ్యలో మూడు రోజుల వ్యవధి.

శనివారం రాత్రికి ప్రయాణాలు నిషేధించారు. ఆర్చర్డ్ పార్క్‌లో ఆదివారం జరగవలసిన బఫలో జట్టు ఫుట్‌బాల్ పోటీని సోమవారానికి వాయిదా వేశారు. ఆ దేశంలో అది చిన్న విషయం కాదు. స్టేడియంలో మంచు తీయడానికి గంటకు 20 డాలర్లిస్తాం రమ్మని జనాన్ని పిలిచారు. కిటికీలోంచి చూస్తే ఎదురిల్లు కనిపించడం లేదు. గాలి రాక్షసి అరిచినట్టు అరుస్తోంది. ఆ గాలిలో బండి తీయవద్దన్నాను. ఏమీ కనిపించనప్పుడు ఆగడం కూడా డ్రైవింగే. గాలి తెరిపి ఇచ్చినప్పుడల్లా దిగి మా గుమ్మం, దాన్ని ఆనుకునే ఉన్న పక్కింటి గుమ్మం తోసి వచ్చాము. వీధిలోకి దిగలేదు.

ప్రతిసారీ బయటికి వెళ్ళగానే మా అబ్బాయి మొదట చేసే పని రెండిళ్ళ గోడల దగ్గరా హీటరు పొగగొట్టాలు మంచుతో మూసుకుపోయాయేమో చూడటం. అవి మూసుకుపోతే విషవాయువు ఇంట్లోకే తిరుగుతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. ఆగి ఉన్న కారులో ఇంజన్ నడుపుతూ కూర్చున్నా అదే ప్రమాదం.

ఆదివారం రాత్రి రెండింటికి లేచినప్పుడు పలక ఎత్తడం లేదు. పంపు మూలుగుతోంది, పలక నేలను వదలడం లేదు. వాడి మొహం చూశాను. మంగళవారం వాడి కళ్ళల్లో కనిపిస్తోంది. చేతిదీపం పట్టుకుని దిగాము. బ్యాటరీ దగ్గర వైరు కొసకు ఉప్పు పట్టి తెల్లగా పూసింది. వైరు విప్పి, గీకి, బిగించి, కాస్త గ్రీజు పూశాము. చేతులకు స్పర్శ తెలియని చలి. మీట నొక్కగానే పలక గాల్లోకి లేచింది. నలభై ఏళ్ళలో ఎన్నో బండ్లు లేపాను గాని, ఒక ఇనుపపలక లేచినందుకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

సోమవారానికి గాలి తగ్గింది. మిగతా మూడు గుమ్మాలూ చేశాము. మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఊరి పెద్ద ప్లౌ వీధిని శుభ్రం చేస్తూ పోయి, గుమ్మం మొదట్లో నడుమెత్తు గట్టు వేసి వెళ్ళింది. ఇది ప్రతిసారీ జరిగేదే. ఆ గట్టు ఉప్పుతో, మురికితో, సిమెంటు కంటే గట్టిగా ఉంటుంది. దాన్ని ఎదురుగా గుద్దకుండా, పక్కనుంచి కొంచెం కొంచెంగా కోసి తీశాము. అయిదున్నరకు పెద్దాయన కారు గుమ్మం దాటింది. అద్దం దించి నా వైపు చూసి చెయ్యెత్తాడు. ఆయన భాష నాకు అంతంత మాత్రం, నా భాష ఆయనకు అసలే రాదు. నేనూ చెయ్యెత్తాను.

మర్నాడే, జనవరి 17న, మళ్ళీ మంచు మొదలైంది.

వెళ్ళే పెద్దలకు నాలుగు మాటలు

మనలో చాలామంది పిల్లలు అటువంటి చలిదేశాల్లో ఉన్నారు. వెళ్ళే పెద్దలకు ఒక మనవి. అక్కడ పారతో మంచు ఎత్తడం వ్యాయామం కాదు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ఆ జోలికి పోవద్దు. పిల్లలు బండి కొంటామంటే ఇంజన్ గొప్ప వినకండి, తలుపు తీసి కాగితం మీది అంకె చదవండి, కాటా వేయించండి. మెరుపు చూడకండి, కింద తట్టి చూడండి. శీతాకాలంలో వీలైనప్పుడల్లా బండి అడుగుభాగాన్ని నీళ్ళతో కడిగించండి. మంచు కాలం ముగియగానే పలక విప్పి, కీళ్ళకు గ్రీజు పెట్టించండి.

నేను బయలుదేరే వారం మా అబ్బాయిని అదే వీధిలో మరో ఇద్దరు అడిగారట, వచ్చే ఏడాది మా గుమ్మాలూ కలుపుకొమ్మని. వాడికి కాదనాలని లేదు. ఏమంటారని నన్నడిగాడు.

"బండి మోస్తుంది. ముందు ఇరుసుకు ఇంకా 225 కిలోల వెసులుబాటుంది. రాత్రి రెండింటికి లేచి ఏడు గుమ్మాలు చేసి తొమ్మిదింటికి నువ్వు ఆఫీసుకు వెళ్ళగలవా, అది కోడలితో కలిసి లెక్క వేసుకో. ఒప్పుకున్న గుమ్మానికి వెళ్ళలేకపోవడం కన్నా ముందే కాదనడం మేలు" అన్నాను.

వాళ్ళిద్దరూ లెక్క వేసుకున్నారు. ఒకరిని కలుపుకున్నారు. రెండో ఆయనకు, తనే సొంతంగా ఒక పాత బండి కొనుక్కోమని, ఎలా చూసుకోవాలో చెబుతానని మా అబ్బాయి నచ్చజెప్పాడు. ఆ ఆదివారం ఇద్దరూ కలిసి బండి చూడటానికి బయలుదేరుతుంటే, మా వాడి కోటు జేబులోంచి నా చిన్న సుత్తి పిడి బయటికి కనబడుతోంది. అది అక్కడే ఉంచి వచ్చాను.